తలుపు దగ్గర వరుస

"వదినా, మీ సువార్త చదువుతుంటే రేడియోలో వార్తలు విన్నట్టుందమ్మా," అంది విజయమ్మ పిట్టగోడ అవతల నుంచి.

రాహేలు తల ఎత్తలేదు. జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. పళ్ళ మధ్య పట్టిన దారం తీసి, "అట్లా అనమాక వదినా, దిష్టి తగుల్తది," అంది.

"చర్చికి పోయేవాళ్ళకి దిష్టేంటి? పాస్టరుగారు విన్నారంటే ఆదివారం ప్రసంగమంతా నీ మీదే."

"ఆయనకి పిల్లల్లేరు. ఆయనకేం తెలుసు."

విజయమ్మ నవ్వుకుంటూ లోపలికి పోయింది.

సువార్త వసారా మెట్టు మీద కూర్చుని మూడో తరగతి వాచకం చదువుతోంది. కుందేలు పాఠం. వేలు అక్షరాల కింద జరిగిపోతోంది. గొంతు ఎక్కడా తట్టుకోవటం లేదు. రోజూ సాయంత్రం ఇదే వరస. దర్జీ సుందరయ్య పంపిన జాకెట్లకు కాజాలు, హుక్కులు కుట్టేటప్పుడు రాహేలు కళ్ళు సూది మీద ఉంటాయి, చెవులు కూతురి మీద ఉంటాయి. తను అయిదుతో బడి మానేసింది. ఇప్పటికీ బైబిలు తెరిస్తే ఒక్కో మాట దగ్గర ఆగి, కూడబలుక్కుని ముందుకు పోవాలి. అలాంటి తన కడుపున ఇలా గడగడా చదివే పిల్ల పుట్టింది. అందుకు సంతోషపడాలో, దేవుడు దీనికి బదులుగా ఏం తీసుకుంటాడోనని భయపడాలో ఆమెకు తెలిసేది కాదు.

శనివారం బాపట్ల వెళ్ళాలి. అక్కడ మిషన్ వాళ్ళ ఆడపిల్లల బోర్డింగులో నాలుగో తరగతికి తీసుకుంటున్నారు. ఒక్కో బడి నుంచి ఒక్క పిల్లనే. చిన్న పరీక్ష పెట్టి, నెగ్గిన పిల్లని ఆ రోజు నుంచే అక్కడ ఉంచుకుంటారు. తిండి, బట్టలు, పదో తరగతి దాకా చదువు అన్నీ వాళ్ళవే. సుబ్బరత్నం టీచరుగారు సువార్త పేరు రాశారు. రాసిన రోజు నుంచి రాహేలుకి కంటి మీద కునుకు లేదు. అక్కడి నీళ్ళు పడతాయో పడవో. జ్వరమొస్తే నుదురు మీద చెయ్యేసి చూసేదెవరు. పెద్దపిల్లలు జడ పట్టుకుని లాగితే? దారిలో బస్సు కాలవలోకి పోతే? పరీక్ష తప్పుతుందేమోనన్న భయం మాత్రం ఆమెకు ఒక్కసారి కూడా రాలేదు.

మార్చి నెల. మధ్యాహ్నం నుంచి దక్షిణపు గాలి ఒకటే తోలుతోంది. విసురుగా వచ్చిన గాలికి జాకెట్టు ఎగిరి సూది బొటనవేల్లో దిగింది. రాహేలు వేలు నోట్లో పెట్టుకుని తల ఎత్తింది.

గాలికి పుస్తకంలో కాయితాలు కూడా తిరిగిపోయాయి. ఇప్పుడు సువార్త ముందున్న పేజీలో సైకిలు మీద పోస్టుమాన్ బొమ్మ ఉంది. ఆ బొమ్మ కింది అక్షరాల మీదే వేలు జరుగుతోంది. గొంతు మాత్రం, "కుందేలు పొద వెనక దాక్కుంది. నక్క దానిని చూడలేదు," అంటోంది.

రాహేలు వేలు నోట్లోనే ఉండిపోయింది.

సువార్త పాఠం చివరిదాకా చదివి పుస్తకం మూసింది. "అయిపోయిందమ్మా. ఆడుకోనా?"

"ఇటు రా."

పిల్ల వచ్చింది. రాహేలు వాచకం తెరిచి, కుందేలు బొమ్మ మీద ఎడమ చెయ్యి కప్పి, కుడిచేతి వేలు ఒక మాట మీద పెట్టింది. "ఇదేంటమ్మా?"

సువార్త ఆ మాట వైపు చూడలేదు. తల్లి అరచేతి కిందినుంచి బొమ్మ ఏమైనా కనబడుతుందేమోనని చూసింది. తర్వాత తల్లి మొహంలోకి చూసింది. "ఒక అడవిలో..." అని మొదలుపెట్టింది.

"మొదటినుంచి కాదు. ఇదొక్కటే."

సువార్త కాళ్ళ వేళ్ళు ముడుచుకుంది. "ఇదొక్కటే అంటే ఎట్లాగమ్మా," అంది. అని పరుగెత్తుకుంటూ వీధిలోకి పోయింది.

భర్త బర్నబాస్ రైసుమిల్లు నుంచి వచ్చి బావి దగ్గర తవుడు దుమ్ము కడుక్కుంటుంటే రాహేలు తువ్వాలు పట్టుకుని నిలబడి సంగతి చెప్పింది.

"చదవటం రాదా? మన పిల్లకా?" అన్నాడు మొహం మీద సబ్బుతోనే. "మొన్న నాకు దగ్గొస్తే క్షయన్నావు. దుమ్ము దగ్గని డాక్టరు చెప్పేదాకా నా గ్లాసు విడిగా పెట్టావు. అంతకుముందు పిల్లకి చెవుడన్నావు. చెవిలో శనగబద్ద తీశాక గానీ ఊరుకోలేదు."

"అది కాదు, ఇది నిజం. గాలికి కాయితం తిరిగింది."

"గాలికి నీ మనసు తిరిగింది. సువార్తా! వాచకం తే అమ్మా."

పిల్ల తెచ్చింది. నాన్న ముందు నిటారుగా నిలబడి, పుస్తకం ఛాతీ ఎత్తున పట్టుకుని పోస్టుమాన్ పాఠం చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. పేజీ ఎక్కడ తిప్పాలో అక్కడే తిప్పింది. బర్నబాస్ మొహం తుడుచుకోవటం మరిచిపోయి విన్నాడు. రాహేలు పిల్ల కళ్ళు చూసింది. అవి పుస్తకం పై అంచు దాటి, దొడ్లో కోడిపెట్ట వెంట తిరుగుతున్నాయి.

"ఇది చదవటం రాకపోవటమైతే, వచ్చినోళ్ళు ఇంకెట్లా చదువుతారే?" అన్నాడు బర్నబాస్. "శనివారం దాకా నోరు కట్టుకో. పిల్లని బెదరగొట్టమాక."

మర్నాడు జాకెట్లు సుందరయ్య కొట్లో ఇచ్చి, రాహేలు ఇంటికి పోకుండా బడి దగ్గరికి పోయింది. పోయి వేపచెట్టు కింద చాలాసేపు నిలబడింది. టీచరుగారితో ఏమనాలో లోపలే కూర్చుకుంది. ఏ మాటా కుదరలేదు. తన నోటితో తనే సీటు పోగొడుతుందేమో. టీచరుగారికి కోపమొచ్చి పిల్లని కొడతారేమో. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చింది.

బడి అంటే ఒకటే పొడుగాటి గది. ఒకటి, రెండు, మూడు తరగతులు ముగ్గురన్నదమ్ముల కాపురంలా అందులోనే. నాలుగు, అయిదు హెడ్మాస్టరుగారి దగ్గర, బయట వసారాలో. సుబ్బరత్నం టీచరుగారు ఒక మూల ఎక్కాలు చెప్పించి, ఇంకో మూల పలకలు చూసి, మూడో మూల పాఠం అందుకుంటారు. ఇంకో టీచరు డిప్యుటేషన్ మీద పోయి ఏడాదిన్నరయింది. మూడో తరగతి పాఠానికి సువార్త ముందు నిలబడి ఒక్కో వాక్యం చెబుతుంటే, మిగతా పిల్లలు గోడలు అదిరేలా వెనక అంటున్నారు.

గోడకి పెద్ద అట్ట వేలాడుతోంది. పిల్లలకు ఏం వచ్చో, ఎంత వచ్చో నెలనెలా కొలిచి చూపాలని ఈ ఏడు పై నుంచి వచ్చిన కొత్త పద్ధతి. పేర్ల పక్కన టీచరుగారు బొట్టుబిళ్ళలు అంటించారు. ఆగకుండా చదివితే ఎర్ర బిళ్ళ. ఒకటి రెండు చోట్ల ఆగితే పచ్చది. ఆగి ఆగి చదివితే నల్లది. ఎర్ర బిళ్ళల వాళ్ళు ముందు, నల్ల బిళ్ళల వాళ్ళు తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చోవాలి. సువార్త పేరు పక్కన వరసంతా ఎరుపే. 'బొట్టు పెట్టుకోని ఇంట్లో పిల్లకే ఎక్కువ బొట్లు' అని ఊళ్ళో హాస్యమాడతారు.

"ఏంటి రాహేలమ్మా? శనివారం ఏడు గంటల బస్సు. మర్చిపోలేదుగా?" అన్నారు టీచరుగారు.

"లేదండి. ఒక్క మాటండి." రాహేలు పమిట చెంగు చేతికి చుట్టుకుంది. "మా అమ్మాయిని పాఠం మధ్యలోంచి చదివించి చూడండి. ఒక్కసారండి."

"మధ్యలోంచి ఎందుకు?"

"అది చదవటం లేదేమోనండి. చెబుతోందేమోనండి."

టీచరుగారు కళ్ళజోడు తీసి చూశారు. "మీరెంత దాకా చదివారమ్మా?"

"అయిదండి."

"నేను ఇరవై ఏళ్ళుగా అయిదో తరగతి చదివే వాళ్ళని తయారుచేసి పంపిస్తున్నాను. మా సీటు పిల్లకి దిష్టి పెడుతున్నది ఎవరయ్యా అంటే, ఆ పిల్ల తల్లే!" అన్నారు. పిల్లలు నవ్వారు. రాహేలు చెవులు వేడెక్కాయి. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. వెళ్ళిపోతే మళ్ళీ వచ్చే ధైర్యం తనకు ఉండదని ఆమెకు తెలుసు.

ఆమె ఎంతకీ పోకపోవటంతో టీచరుగారు విసుగ్గా సుద్దముక్క తీసుకున్నారు. కిటికీలోంచి వేపకొమ్మలు ఊగటం చూసి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. గాలి ఎక్కువగా ఉంది. ఈ రోజు పడవలు వెళ్ళవు.

"సువార్తా, చదువు. మీ అమ్మకి వినిపించు."

సువార్త బోర్డు చూసింది. టీచరుగారిని చూసింది. బోర్డు మీద బొమ్మ లేదు. ఆ పిల్ల గొంతు కదిలింది గానీ మాట రాలేదు. గదిలో ఎక్కాలు కూడా ఆగిపోయాయి.

"ఊఁ, చదువు. అన్నీ మీకు వచ్చిన మాటలే."

సువార్త మెడ మీద చెమట పట్టటం రాహేలుకి గుమ్మంలోంచే కనిపించింది. తనే పరుగెత్తి పిల్ల నోరు మూసి తీసుకుపోదామన్నంత బాధ కలిగింది. ఎందుకొచ్చాను దేవుడా. ఎందుకు అడిగాను.

టీచరుగారు రెండో ఎర్ర బిళ్ళ పిల్లవాడిని లేపారు. వాడు "ఒక అడవిలో" అన్నాడు. మూడో పిల్లని లేపారు. ఆ అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. టీచరుగారి చేతిలో సుద్దముక్క విరిగింది.

అప్పుడు చెప్పుల పక్క నుంచి ఒక బొంగురు గొంతు వచ్చింది. "గా... గాలి... ఎ... ఎక్... ఎక్కువ..."

పిల్లలంతా అలవాటుగా ఘొల్లుమన్నారు. ఆ గొంతు వెంకటసుబ్బులుది. ఏటి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ నుంచి వస్తుంది. వారంలో సగం రోజులు తల్లితో చేపల గంప వెంట పోతుంది. వచ్చిన రోజున, పాఠం ఎక్కడిదాకా అయిందో తెలియక, ఒక్కో అక్షరం తవ్వుకుంటూ చదువుతుంది. అట్ట మీద ఆ పేరు పక్కన జూన్ నుంచీ నల్ల బిళ్ళలే.

"నవ్వితే వీపు చీరతాను!" అన్నారు టీచరుగారు. ఆ గొంతు మారిపోయి ఉంది. "నువ్వు చదువే."

"ఎక్కువగా... ఉంది. ఈ... రో...జు... ప...డ... పడవలు..." వెంకటసుబ్బులు ముక్కు ఎగబీల్చింది. "వెళ్ళవు." చదివి ఊరుకోలేదు. "అవునండి టీచరుగారండి. మా నాన్న కూడా ఎళ్ళలేదండి. ఇంటికాడే ఉండి మా అమ్మతో తగువాడతన్నాడండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. టీచరుగారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు.

ఇంటర్వెల్లులో ఆవిడ రాహేలుని వేపచెట్టు కిందికి పిలిచారు.

"డెబ్భైమంది పిల్లలమ్మా," అన్నారు. "ఒక్కదాన్ని. ఒక్కొక్కళ్ళ చేత ఒక్కో వాక్యం చదివించాలన్నా పొద్దు గూకుతుంది. ఆగకుండా చదివితే వచ్చిందనుకున్నాను."

రాహేలు, "మీ తప్పేం లేదండి," అంది.

"ప్రోగ్రెస్ కార్డు రాసేశాను. హెడ్మాస్టరుగారి సంతకం కూడా అయింది. బోర్డింగులో మూడో తరగతి వాచకం తెరిచి ఏదో ఒక పాఠం చదవమంటారు, ఒక బైబిలు వాక్యం అప్పజెప్పమంటారు. సువార్త నెగ్గుకొస్తుంది." ఆవిడ గొంతు తగ్గించారు. "మీరు నోరు మెదపకండి. నేనూ మెదపను. అక్కడికి పోయాక నేర్చుకుంటుందిలే."

రాహేలు "సరేనండి," అంది. ఆ క్షణాన ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టే ఉంది. పరువు దక్కింది, సీటు దక్కింది.

సాయంత్రం పిల్ల చెయ్యి పట్టుకుని కాలవ గట్టు మీద నడుస్తూ అడిగింది. "ఎప్పట్నుంచే ఇట్లా?"

సువార్త చెప్పులతో దుమ్ము లేపింది. "నేను రెండులో ఉన్నప్పుడు మూడోవాళ్ళ పాఠాలు వినపడేయిగా. ఒకటిలో ఉన్నప్పుడు రెండోవాళ్ళవి వినపడేయి. అవన్నీ నాకు వచ్చేసినయ్. టీచరుగారు చదువు అంటారు, నేను చెబుతా. బాగా చదివావు అంటారు." ఆ పిల్ల తల ఎత్తింది. "అదే చదవటం అనుకున్నానమ్మా. అందరూ అట్లాగే చదువుతారనుకున్నా."

"మరి కాదని ఎప్పుడు తెలిసింది?"

"ఒకరోజు వెంకటసుబ్బులు పక్కన కూచున్నా. అది నేను నీళ్ళు తెచ్చుకునే కొబ్బరినూనె సీసా మీద కాయితం చదివింది. దానికి ఆ సీసా పాఠం ఎవరూ చెప్పలేదుగా? ఎట్లా వచ్చిందా అనుకున్నా." "ఎవరికీ చెప్పలేదు. అప్పటికే నాకు ఎర్రబిళ్ళలు చాలా ఉన్నయ్," అంది.

ఆ చేతివేళ్ళు తన చేతిలో చల్లగా ఉన్నాయి. రాహేలు వాటిని గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ళూ తన ఒక్కదానికే భయం అనుకుంది. పక్కలో పడుకున్న పిల్ల కూడా భయాన్ని కప్పుకునే పడుకుందని తెలియలేదు.

శుక్రవారం బర్నబాస్ కొత్త రేకు పెట్టె కొనుక్కొచ్చాడు. తాళం బిగిస్తూ ఈల వేస్తున్నాడు. రాహేలు పిల్ల గౌన్లు మడత పెట్టింది. మడతలు విప్పి మళ్ళీ పెట్టింది. చివరికి పెట్టె మూత వేసి దాని మీద కూర్చుంది.

"పంపించను," అంది.

"ఏంటి?"

"పరీక్ష నెగ్గుతది. అక్కడ చేరతది. జూన్‌లో కొత్త పుస్తకం ఇస్తారు. ఆ నాలుగో తరగతి పాఠాలు దీనికెవరు వినిపించారు? ఆ రోజు లేచి నిలబడి నోరు తెరవలేకపోతే ఎవరి వంక చూస్తది? గుమ్మంలో నేనుండను."

"అట్టాంటి సీటు మళ్ళీ వస్తదా? బంగారం లాంటి సీటు!"

"రాకపోవచ్చు."

"ఎవరైనా పిల్ల బాగుపడతదంటే అడ్డం పడతారా? నీ భయాలకి పిల్లని బలిపెట్టమాక రాహేలూ."

అతనన్నది నిజమేనేమో. ఇదీ క్షయ, చెవుడు లాంటిదేనేమో. అయినా రాహేలు పెట్టె మీద నుంచి లేవలేదు. "వాచకం కాకుండా ఇంట్లో ఉన్న ఏ కాయితమైనా ఇవ్వు. ఒక్క మాట చదివితే రేపు నేనే బస్సెక్కిస్తా."

బర్నబాస్ చూరులో దోపిన పాత క్యాలెండరు లాగి పిల్ల ముందు పెట్టాడు. సువార్త దాని వైపు చూసి, తండ్రి మొహంలోకి చూసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. అతను క్యాలెండరు చుట్ట చుట్టి ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

"నీ ఇష్టం," అన్నాడు. "పెద్దదయ్యాక అడిగితే నువ్వే చెప్పుకో." అన్నం తినకుండా బయటికి పోయాడు.

శనివారం పొద్దున రేపల్లె బస్టాండులో సుబ్బరత్నం టీచరుగారు గంజి చీర కట్టుకుని నిలబడి ఉన్నారు. రాహేలు చేతిలో పెట్టె లేకపోవటం చూసి, "సామాను ఏదమ్మా? బస్సు కదిలేటట్టుంది," అన్నారు. సువార్త భుజాన బడిసంచీ ఒక్కటే ఉంది.

"మేము రావటం లేదండి. తప్పుగా అనుకోకండి." రాహేలు దారంతా అనుకుంటూ వచ్చిన మాట ఇంకొకటి ఉంది. "దీన్ని తలుపు దగ్గర వరుసలో కూచోబెట్టండి. ఆ వెంకటసుబ్బులు పక్కన."

టీచరుగారు ఆమెను కిందినుంచి పైదాకా చూశారు. "పిల్లని పైకి ఎక్కించమని వచ్చిన తల్లుల్ని చూశాను. కందిపప్పు తెచ్చినవాళ్ళున్నారు, కోళ్ళు తెచ్చినవాళ్ళున్నారు. కిందికి దించమని ఇంతవరకూ ఒక్కరూ రాలేదు."

"కోడి తేలేదండి," అంది రాహేలు భయంగా.

టీచరుగారికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కండక్టరు విజిలేశాడు. "సీటు ఖాళీగా పోతుంది," అన్నారు ఆవిడ బస్సు వైపు చూస్తూ. "ఎవరిని తీసుకుపోను? ఎర్ర బిళ్ళల వాళ్ళని తీసుకుపోదామంటే మనసు ఒప్పుకోదు. నల్ల బిళ్ళ పిల్లని తీసుకుపోదామంటే నేను రాసిన కార్డే ఒప్పుకోదు." బస్సు వెళ్ళిపోయింది. లేచిన దుమ్ముకి ముగ్గురూ మొహాలు తిప్పుకున్నారు. "పదండి. బడికి వేళవుతోంది."

శనివారాలు ఒంటిపూట బడి. రాహేలు ఇంటికి పోవాల్సింది, సుందరయ్య ఇచ్చిన జాకెట్లు అలాగే ఉన్నాయి. కాళ్ళు పోనివ్వలేదు. కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. పిల్లలు ఎగతాళి చేస్తారేమో. సువార్త ఇంక బడికి రానంటుందేమో. లోపల అట్ట ఎక్కడిదక్కడే ఉంది. అది చూడటానికి వచ్చేవారం ఆఫీసరుగారు వస్తారట. సువార్త పేరు పక్కన ఎర్ర బిళ్ళలు అలాగే మెరుస్తున్నాయి. సువార్త మాత్రం చెప్పుల పక్కన కూర్చుంది. ముందు వరుస పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు.

టీచరుగారు పాఠం అందుకోలేదు. బోర్డు తుడిచి, ఒకే ఒక్క మాట రాశారు. "తలుపు దగ్గర నుంచి మొదలుపెడదాం. సువార్తా."

సువార్త లేచి నిలబడింది. వెంకటసుబ్బులు నోరు తెరవబోయి, తన చేత్తో తనే నోరు మూసుకుంది.

రాహేలు కిటికీలోంచి బోర్డు చూసింది. తనూ కూడబలుక్కుంది. వ. ల. వల. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. పిల్లకి అందేలా పెదవులు కదులుతున్నాయని తెలిసి, పమిట చెంగు ఉండ చేసి నోట్లో కుక్కుకుంది.

సువార్త మొదటిసారి ఎవరి మొహంలోకీ చూడకుండా బోర్డు వైపే చూస్తోంది. మెడ ముందుకు సాగింది. కళ్ళు చిట్లించింది.

"వ... వా... వాన," అంది.

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"కాదే," అంది వెంకటసుబ్బులు చేతి చాటు నుంచి. "మళ్ళీ చూడు."

సువార్త మళ్ళీ చూసింది.